నారుమడి మునిగితే ఏ లెక్కలో రాస్తారు? నెల్లూరు, ప్రకాశం రైతులకు విపత్తు సాయం అందే తీరు

క్లుప్తంగా

తుపానుకో కరువుకో పంట పోతే రైతు ఖాతాలో పడే డబ్బు, పోయిన పంట విలువను బట్టి రాదు. ఏ పంట వేశారు, అది ప్రభుత్వ పంటల నమోదు రికార్డయిన ఈ-క్రాప్‌లో నమోదైందా, నష్టం 33 శాతం దాటిందా, విస్తీర్ణం ఎంత అనేవే దాన్ని నిర్ణయిస్తాయి. దేశమంతటికీ ఒకేలా రాసిన ఈ కొలతలు నెల్లూరు వరి సీజన్‌కు, పడమటి ప్రకాశం కరువుకు, మేత కోసం ఊళ్లు తిరిగే గొర్రెల మందలకు సరిగా అతకడం లేదు. ఒకే వానకు దెబ్బతిన్న ఇద్దరు పక్క రైతుల్లో ఒకరికి డబ్బు పడి ఇంకొకరికి పడకపోవడానికి చాలాసార్లు అసలు కారణం ఇదే. సిబ్బంది అలసత్వం ఉన్నచోట ఉండవచ్చు కానీ, లోపం అంతకన్నా ముందే, నిబంధన రాసిన చోటే మొదలవుతోంది.

మూడు రకాల డబ్బు, ఒకటే పాస్‌బుక్

ఫోన్‌కు మెసేజ్ వచ్చినప్పుడు అది ఏ పథకం డబ్బో తెలియక రైతులు అయోమయపడుతుంటారు. అన్నదాత సుఖీభవ కింద ఏడాదికి 20 వేల రూపాయలు వస్తాయి. పీఎం కిసాన్ 6 వేలు అందులో కలిసే ఉంటుంది. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలోనే దీని తొలి విడత మొదలైంది. పంట బాగా పండినా, పూర్తిగా పోయినా ఈ డబ్బులో తేడా ఉండదు. దానికీ విపత్తుకూ సంబంధం లేదు.

రెండోది పంటల బీమా. ఫసల్ బీమా యోజనలో రైతు ఖరీఫ్ ఆహార పంటలకు బీమా మొత్తంలో 2 శాతం, రబీకి ఒకటిన్నర శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం మించకుండా ప్రీమియం కట్టాలి. రాష్ట్రంలో కొన్నేళ్లు ఈ వాటాను ప్రభుత్వమే భరించింది. 2024-25 రబీ నుంచి మళ్లీ రైతే కట్టే పద్ధతి వచ్చింది. కట్టినవారికే బీమా వర్తిస్తుంది. నష్టం జరిగిన 72 గంటల్లో చెప్పాలన్న నిబంధన కూడా బీమాదే. ఆ 72 గంటలు దాటిపోయాయని ప్రభుత్వ సాయానికి కూడా పేరు ఇవ్వకుండా ఊరుకునే రైతులు ఉంటారు. ఆ రెండూ వేర్వేరు.

మూడోది ఇన్‌పుట్ సబ్సిడీ. ఈ వ్యాసం దాని గురించే. దీనికి ప్రీమియం లేదు, దరఖాస్తు రుసుము లేదు. వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది కలిసి పొలాలు చూసి జాబితా తయారు చేస్తారు. మళ్లీ సాగు మొదలుపెట్టడానికి చేయూతగానే ఈ సాయాన్ని ఉద్దేశించారు. పోయిన దిగుబడికి ధర కట్టి ఇవ్వడం మొదటినుంచీ దాని లక్ష్యం కాదు. ఎకరాకు మూడు పుట్లు పండే మాగాణిలో, అంటే నెల్లూరు లెక్కలో పుట్టికి 850 కిలోల చొప్పున 2,550 కిలోల ధాన్యం పోయిన రైతు చేతికి వచ్చే మొత్తం ఎందుకంత చిన్నగా కనిపిస్తుందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

కొలతలు ఢిల్లీవి, అదనం రాష్ట్రానిది

విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక విపత్తు స్పందన నిధి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ విషయంలో అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఈ నిధి నుంచి దేనికి ఎంత ఖర్చు పెట్టవచ్చో కేంద్ర హోంశాఖ ముందే కొలతలు రాసి ఇస్తుంది. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా ఇచ్చిన కొలతల్లో వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, ఏళ్ల తరబడి నిలిచే తోటలకు 22,500 చొప్పున ఉంది. ఒక్కో రైతుకు రెండు హెక్టార్లే పరిమితి. అంటే సుమారు ఐదెకరాలు. అంతకుముందు ఇవే 6,800, 13,500, 18,000గా ఉండేవి. 2015 వరకు పంట సగమైనా పోతేనే సాయం ఇచ్చేవారు. ఆ ఏడాది హద్దును 33 శాతానికి దించారు.

వీటిని ఎకరాల్లోకి మారిస్తే మాగాణికి ఎకరాకు దాదాపు 6,900, మెట్టకు 3,400 పైచిలుకు వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరు వరదల తర్వాత వరికి హెక్టారుకు 25 వేలు ప్రకటించింది. 2025 అక్టోబరు నెలాఖరులో వచ్చిన మొంథా తుపాను తర్వాత కూడా అదే లెక్క పాటించింది. రైతుల నోట వినిపించే 'ఎకరాకు పదివేలు' అన్న మాట అక్కడిదే. కేంద్ర కొలతకూ దీనికీ మధ్య ఉన్న 8 వేల తేడాను రాష్ట్రమే సొంతంగా భరించాలి. ఉదారంగా ప్రకటించిన ప్రతిసారీ ఖజానా మీద బరువు పెరుగుతుంది కాబట్టి జాబితాలో ఎవరుండాలన్న వడపోత కూడా కఠినమవుతుంది. మొత్తం పెంచడం, పేర్లు తగ్గడం కలిసి నడిచే వీలుందన్న సంగతి చర్చల్లో పెద్దగా రాదు.

పెన్నా వరదల్లాంటివి వచ్చినప్పుడు పొలాల్లో ఇసుక మేటలు వేస్తాయి. వాటిని తీయించుకోవడానికి అవే కేంద్ర కొలతల్లో హెక్టారుకు 18 వేల సాయం వేరే పద్దు కింద ఉంది. మేట మూడంగుళాలకు మించి ఉందని అధికారి ధ్రువీకరించాలి. సాయం చిన్న, సన్నకారు రైతులకే. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఒడ్డు పొలాలవారికి పంటకన్నా ఈ మేటల తొలగింపే పెద్ద ఖర్చు.

నెల్లూరు: వాన వచ్చేసరికి పైరు నారుమడిలో

ఏడాది వర్షంలో సగానికి పైగా నెల్లూరులో అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. ఆ జిల్లా సేద్యం మొత్తం దాని చుట్టూ అల్లుకుంది. సోమశిల, కండలేరు జలాశయాలు నిండాక పెద్ద పంట మొదలవుతుంది. అక్టోబరు, నవంబరుల్లో నారు పోసి, డిసెంబరు వరకు నాట్లు వేసి, ఫిబ్రవరి నుంచి కోతలు కోస్తారు. నీళ్లు మిగిలితే వేసవి మొదలుకొని ఎడగారు పంట వేస్తారు. కృష్ణా డెల్టాలో ఇది తలకిందులుగా ఉంటుంది. అక్కడ నవంబరు, డిసెంబరు నాటికి వరి కోతకు వచ్చి ఉంటుంది, లేదా పనల మీద ఉంటుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను అక్కడ కోసిన పంటను తడిపింది. నెల్లూరులో నారుమళ్లను, అప్పుడే నాటిన కయ్యలను (వరి మడులను) ముంచింది.

తడిసిన కుప్ప కంటికి కనిపిస్తుంది, తూకం వేయవచ్చు, ఫొటో తీయవచ్చు. నారుమడి నష్టం అలా కనిపించదు. ఎకరా నాటడానికి సాధారణంగా ఐదు సెంట్ల నారుమడి చాలు. అందులో 25 నుంచి 30 కిలోల విత్తనం పడుతుంది. మునిగిన ఆ ఐదు సెంట్లనే కొలిచి, ఎకరాకు పదివేల లెక్కన కడితే వచ్చేది 500 రూపాయలు. విత్తనం ఖర్చుకే అది చాలదు. పైగా నారు పోవడం వల్ల వెనకపడేది ఐదు సెంట్లు కాదు, ఎకరా పంట మొత్తం.

కాలం కూడా నష్టంలో భాగమే. డిసెంబరు మొదటి వారంలో నారు కుళ్లిపోతే నీళ్లు తీసి, మళ్లీ దమ్ము చేసి, విత్తనం దొరికించుకుని పోసేసరికి నెల సగమైపోతుంది. నాటు జనవరిలోకి జరుగుతుంది. బీపీటీ 5204 లాంటి ఐదు నెలల రకం అప్పుడు వేస్తే కోత మండు వేసవిలో పడుతుంది, కాలువ నీళ్లు అప్పటిదాకా వస్తాయన్న నమ్మకం ఉండదు. అందుకే రైతు నెల్లూరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్ఎల్ఆర్ 34449 వంటి తక్కువ కాలం రకాలకు మారాల్సి వస్తుంది. ఎడగారుకు దొరికే వ్యవధి కూడా కుదించుకుపోతుంది. తుపానుల తర్వాత ప్రభుత్వాలు 80 శాతం రాయితీ మీద విత్తనాలు ఇచ్చింది ఈ పరిస్థితిని గుర్తించే. ఆ మేరకు అది సరైన మందే. కానీ దమ్ము కూలి, పోయిన నెల రోజులు, మారిన రకం వల్ల తగ్గే ధర ఆ రాయితీలో రావు.

నాటిన కయ్యల సంగతి ఇంకొంచెం చిక్కు. ఈ-క్రాప్ నమోదు పైరు వేశాకే జరుగుతుంది. సిబ్బంది పొలంలో నిలబడి ఫొటో తీసి, సర్వే నంబరుకు ముడిపెట్టి, తర్వాత రైతు వేలిముద్రతో ఈ-కేవైసీ చేయించాలి. నాట్లు ఇంకా సాగుతుండగానే తుపాను వస్తే ఊళ్లో చాలా సర్వే నంబర్లు రికార్డులో ఖాళీగానే ఉంటాయి. రికార్డులో లేని పంటకు నష్టం రాయడానికి సాఫ్ట్‌వేర్‌లో చోటు దొరకదు.

దీనికి తోడు 33 శాతం హద్దు. నాటి పదిహేను రోజులైన కయ్య నాలుగు రోజులు నీళ్లలో ఉంటే కొన్ని దుబ్బులు కుళ్లిపోతాయి, కొన్ని తేరుకుంటాయి. నీళ్లు తీయకముందే చూస్తే నష్టం ఎంతో చెప్పలేరు. అందుకే నీరు తగ్గాక సర్వే చేయడం న్యాయమే. అయితే ఆ వారం పది రోజుల్లో రైతు చేతులు కట్టుకుని కూర్చోడు. అదును పోతుందని పక్క ఊరి నుంచి నారు కొనుక్కొచ్చి ఖాళీలు నింపుతాడు, లేదా మొత్తం దున్ని మళ్లీ నాటుతాడు. సర్వే బృందం వచ్చేసరికి అతని కయ్య పచ్చగా ఉంటుంది. డబ్బు చేతిలో లేక అలాగే వదిలేసిన పక్క కయ్యలో నష్టం స్పష్టంగా కనిపిస్తుంది. మళ్లీ సాగు చేయడానికని పెట్టిన సాయం, అందరికంటే ముందు మళ్లీ సాగు మొదలుపెట్టిన రైతునే వదిలేస్తోంది. ఈ నిబంధనల్లో ఉన్న అతి పెద్ద అన్యాయం ఇదేనని చెప్పాలి. నీళ్లు నిలిచిన రోజునే సర్వే రాయి, గట్టు, బోరు వంటి గుర్తు పడేలా ఫొటోలు తీసి రైతు సేవా కేంద్రం సిబ్బందికి పంపడం తప్ప ప్రస్తుతానికి దీనికి విరుగుడు లేదు.

కౌలుదారు పేరు ఎక్కడ

నెల్లూరు మాగాణిలో కౌలు సేద్యం విస్తారంగా ఉంది. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019 కింద కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు. దానికి భూ యజమాని సంతకం కావాలి. భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతోనో, తన పేరిట వచ్చే పథకాలు ఆగుతాయన్న అనుమానంతోనో కొందరు యజమానులు సంతకం పెట్టరు. అప్పుడు ఈ-క్రాప్‌లో సాగుదారు స్థానంలో యజమాని పేరే నిలుస్తుంది, సాయం కూడా ఆ పేరు మీదే వెళ్తుంది. కౌలుదారు విత్తనం, ఎరువు, కూలి పెట్టి, పంట పోయినా కౌలు కట్టాలి. నష్టం మోసేది ఒకరు, మెసేజ్ వచ్చేది ఇంకొకరికి. జాబితా అంటించినప్పుడు అభ్యంతరం చెప్పే వీలుంది. కానీ వచ్చే ఏడాది కూడా అదే భూమి కౌలుకు కావాల్సిన మనిషి యజమాని మీద అభ్యంతరం రాయడానికి వెనకాడతాడు.

పడమటి ప్రకాశం: ముందు మండలం, ఆ తర్వాతే పొలం

ఇప్పుడు మార్కాపురం జిల్లాగా విడిపోయిన మార్కాపురం, యర్రగొండపాలెం, గిద్దలూరు, కనిగిరి వైపు కథ వేరు. అక్కడ పంట తీసుకుపోయేది ఎక్కువగా కరువు. తుపాను నష్టానికి పొలం పొలం లెక్క రాస్తారు. కరువు విషయంలో మాత్రం మొదట మండలం మొత్తాన్ని కరువు మండలంగా ప్రకటించాలి. ఆ గడప దాటితే తప్ప రైతు పొలం దాకా ఎవరూ రారు.

కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ ప్రకారం మొదట వర్షపాతం లోటు, వానల మధ్య విరామం చూస్తారు. ఆ తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పైరు పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భ నీటి మట్టం పరిశీలిస్తారు. చివరగా పది శాతం గ్రామాల్లో పొలాలకు వెళ్లి నష్టం నిజమేనా అని సరిచూస్తారు. నష్టం 33 శాతం దాటితే ఒక మోస్తరు కరువు, సగం దాటితే తీవ్ర కరువు. జాతీయ విపత్తు స్పందన నిధి నుంచి సాయం తీవ్ర కరువుకే దొరుకుతుంది. అంటే 33 శాతం అన్న హద్దు తుపాను రైతుకు తలుపు తెరుస్తుంది, కరువు రైతుకు సగం మాత్రమే తెరుస్తుంది.

మండలం సగటు కూడా మోసం చేస్తుంది. వానమాపకం ఉన్నచోట ఒక్క గాలివాన కురిస్తే విరామం తెగిపోయినట్టే లెక్క. అదే మండలంలో కొండ అవతలి ఊళ్లలో చినుకు పడకపోయినా ఆ లెక్క మారదు. ఇక గడువు సంగతి. ఖరీఫ్ కరువును అక్టోబరు 30 నాటికి ప్రకటించాలి. ఈ మెట్టల్లో ముఖ్యమైన కంది జూన్, జూలైల్లో వేస్తే నవంబరు, డిసెంబరుల్లో పూతకొచ్చి జనవరి తర్వాత కోతకొస్తుంది. అక్టోబరు చివర చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. పూత రాలిపోయేది ఆ తర్వాత. గడువు దాటాక ఎండిన కందికి ఖరీఫ్ ప్రకటనలో చోటుండదు. వానలు రాక విత్తనమే వేయని భూముల పరిస్థితి ఇంకా కష్టం. వేయని పంటకు ఈ-క్రాప్ లేదు, ఇన్‌పుట్ సబ్సిడీ లేదు. బీమాలో మాత్రం విత్తలేని పరిస్థితికి ఒక వెసులుబాటు ఉంది.

ధర పడిపోతే మాత్రం ఏ మండలానికీ ఈ దారి లేదు. పొగాకు, శనగ రైతులు మద్దతు ధర కోసం రోడ్డెక్కినప్పుడు విపత్తు నిధి ప్రస్తావన వస్తుంటుంది. తుపాను, వరద, కరువు, వడగళ్లు, చీడపీడల వంటివే ఆ నిధి పరిధిలో ఉన్నాయి. మార్కెట్ పతనం అందులో లేదు.

జీవాలు: ముప్పై దాటితే లెక్కకు రావు

దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె జాతిగా నెల్లూరు జాతికి పేరుంది. జోడిపి, పల్ల, దోర రకాలు ఇక్కడి మందల్లో కనిపిస్తాయి. ఒంగోలు జాతి పశువుల సంగతి చెప్పక్కర్లేదు. బ్రెజిల్‌లో వాటి సంతతిని నెలోర్ అనే పిలుస్తారు. ఇంతటి పేరున్న పశుసంపదకు విపత్తు సాయంలో దక్కిన చోటు చిన్నది.

2025-26 వరకు ఇచ్చిన కేంద్ర కొలతల్లో పాడి గేదె లేదా ఆవుకు 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకు 32 వేలు, దూడకు 20 వేలు, గొర్రె లేదా మేకకు 4 వేలు, కోడికి వంద. ఒక్కో కుటుంబానికి మూడు పెద్ద పాడి పశువులు, లేదా ముప్పై చిన్న జీవాల వరకే ఇస్తారు. కోళ్లకు మొత్తం 10 వేలు మించదు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు రాష్ట్రం పాడి పశువుకు 50 వేలు, గొర్రెకు 7,500 ప్రకటించింది. సంతలో ఎదిగిన గొర్రె ధర అంతకన్నా ఎక్కువే. వంద జీవాల మంద వాగులో కొట్టుకుపోతే కేంద్ర కొలతలో వచ్చేది ముప్పైకి లక్షా 20 వేలు. మిగతా డెబ్బై కాపరికి నష్టంగానే మిగులుతాయి. మూడు గేదెల ఇంటిని దృష్టిలో పెట్టుకుని గీసిన హద్దు అది. మందే జీవనాధారమైన కుటుంబానికి సరిపోదు.

కళేబరం కూడా కావాలి. పశువైద్యుడు చూసి, పోస్టుమార్టం చేసి, చనిపోయింది విపత్తు వల్లేనని రాసివ్వాలి. కొట్టుకుపోయిన జీవాల విషయంలో పంచనామా మీద, సాక్షుల మాట మీద ఆధారపడాలి. పడమటి ప్రకాశం కాపరులు మేత కోసం నెలల తరబడి డెల్టా ఊళ్లకు మందలు తోలుకెళ్తారు. జీవాలు చనిపోయేది ఒక మండలంలో, కాపరి రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉండేది ఇంకో మండలంలో. పరాయి ఊళ్లో, వానలో, బతికిన జీవాలను గట్టు మీదికి తోలే తొందరలో ఉన్న మనిషి డాక్టరు సంతకం కోసం ఆగడం సులువు కాదు.

అసలైన చావులు చాలావరకు వాన వెలిశాకే మొదలవుతాయి. తడిలో నిలబడ్డ మందకు గిట్టలు కుళ్లుతాయి, ముసురు రోజుల్లో దోమల్లాంటి సన్నటి కుట్టే పురుగులు పెరిగి నీలినాలుక రోగం వస్తుంది. మూతి వాచి, మేత మానేసి, కుంటుతూ ఒక్కొక్కటే పడిపోతాయి. విపత్తు నిధి లెక్కలో అది రోగం, విపత్తు కాదు. దానికి సాయం లేదు. ముందుగా వేయించే టీకా, జీవాల బీమా మాత్రమే దారి. జాతీయ లైవ్‌స్టాక్ మిషన్ కింద 2024లో బీమా ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించారు. వంద గొర్రెల దాకా బీమా చేయించే వీలుంది. విపత్తు సాయానికి ముప్పై హద్దు, బీమాకు వంద హద్దు. మంద ఉన్నవారు ఈ తేడాను తప్పక గమనించాలి.

కరువులోనైతే జీవాలు వెంటనే చావవు. మేత లేక తెగనమ్ముకుంటారు. పశు శిబిరాలు పెడితే పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయలు, చిన్నదానికి 45 చొప్పున ఖర్చు పెట్టవచ్చని కొలతల్లో ఉంది. సగం ధరకు అమ్ముకున్న ఎద్దుల జత మాత్రం ఏ నష్టాల జాబితాలోనూ కనిపించదు.

డబ్బు ఆలస్యం, దారి తప్పడం

సర్వే, జాబితా ప్రదర్శన, అభ్యంతరాలు, జిల్లా నుంచి రాష్ట్రానికి నివేదిక, బడ్జెట్ విడుదల, అన్నీ వరసగా జరగాలి. రాష్ట్ర నిధి చాలకపోతే కేంద్ర బృందం వచ్చి చూడాలి. ఆ తర్వాత కేంద్ర హోంమంత్రి నాయకత్వంలోని ఉన్నత స్థాయి కమిటీ ఆమోదించాలి. ఒక సీజన్ నష్టం డబ్బు ఇంకో సీజన్ మధ్యలో పడేది అందుకే. అప్పటికే విత్తనం, ఎరువు అప్పుకు తెచ్చి ఉంటారు.

విడుదలైన డబ్బు కనపడకపోవడం ఇంకో టెన్షన్. ఆధార్‌తో చివరగా అనుసంధానమైన బ్యాంకు ఖాతాకే ఇది వెళ్తుంది. సహకార సొసైటీ ఖాతా చూసుకుని రాలేదనుకున్న డబ్బు, ఎప్పుడో గ్యాస్ రాయితీ కోసం తెరిచిన ఖాతాలో పడి ఉండవచ్చు. పేరు జాబితాలో ఉండీ డబ్బు రాకపోతే మొదట సరిచూడాల్సింది ఇదే.

ఏం మార్చవచ్చు

పైన చెప్పిన కేంద్ర కొలతల గడువు 2025-26 వరకే. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం సిఫార్సుల కాలం. హెక్టారు మొత్తాన్ని పెంచాలన్న కోరిక అన్ని రాష్ట్రాల నుంచీ వచ్చేదే. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు మాత్రం మొత్తం కన్నా లెక్క కట్టే పద్ధతి ముఖ్యం. నారు పోసిన రోజునే నారుమడిని, దానితో నాటబోయే విస్తీర్ణాన్ని కలిపి ఈ-క్రాప్‌లో రాయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు, రాష్ట్రం చేతిలో ఉన్నదే. నీరు నిలిచిన రోజులను ఉపగ్రహ రాడార్ చిత్రాలు మబ్బుల్లోంచి కూడా చూపగలవు. వాటిని సర్వేకు ఆధారంగా తీసుకుంటే మళ్లీ నాటిన రైతు పేరు పోదు. కందికి అక్టోబరు గడువు సడలించడం, మందలకు ముప్పై హద్దు మార్చడం మాత్రం కేంద్రం చేయాలి. అందాకా నెల్లూరులో నవంబరు తుపానుకు నారు పోగొట్టుకున్న రైతుకు వెంటనే అందేది 80 శాతం రాయితీ విత్తనమే. అది కూడా నాటు అదును దాటకముందే రైతు సేవా కేంద్రానికి చేరాలి.